వ్యాకరణం తెలుసా? అయితే ఈ ఉత్తర్వు చదువు!

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు వ్యాకరణం, అలంకారాలు, సాహిత్యం పిల్లలకు ఎంతవరకు వచ్చో పరీక్షించడం ఎలా అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పంతులును కాను. ముప్పై ఏళ్లకు పైగా నోటు ఫైళ్లు, డ్రాఫ్టులు రాసిన గుమాస్తాను. గుమాస్తాకు తెలిసినంతే మనవి చేస్తాను.

మన ప్రభుత్వ బడులన్నింటిలో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. పెద్ద పరీక్షలకు వస్తే, 2024లో జరిగిన గ్రూప్-1 మెయిన్స్‌లో 150 మార్కుల జనరల్ ఇంగ్లీషు పేపరు ఉంది. దాని స్థాయి పదో తరగతే. ఆ మార్కులు ర్యాంకులో కలవవు. కానీ అందులో అర్హత రాకపోతే తక్కిన పేపర్లు ఎంత బాగా రాసినా ఫలితం శూన్యం. కాబట్టి పల్లె నుంచి తెలుగు మీడియంలో చదువుకొచ్చిన పిల్లవాడికి ఇది బతుకుతెరువు సమస్య.

ఈ భయంతో పిల్లలు గైడ్లు బట్టీ పడుతున్నారు. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చమంటే చిటికెలో మారుస్తారు. పాసివ్ ఎందుకు వాడతారో అడిగితే తెల్లమొహం వేస్తారు. మనల్ని అడగమనండి! 'ఫైల్ హ్యాజ్ బీన్ మిస్‌ప్లేస్డ్' అని రాస్తే ఫైలు పోయిందని తెలుస్తుంది, పోగొట్టినవాడెవరో తెలియదు. పాసివ్ వాయిస్ ఆఫీసుల్లో ఎంతమందిని కాపాడిందో మన సభలో చాలామందికి తెలుసు.

ఇంకొక మాట చూడండి: 'ఓన్లీ'. 'ది ఎరియర్స్ షల్ బి పెయిడ్ ఓన్లీ టు ది విడో' అంటే బకాయిలు భార్యకే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వరాదు. అదే మాటను ముందుకు జరిపి 'ఓన్లీ ది ఎరియర్స్ షల్ బి పెయిడ్ టు ది విడో' అంటే ఆమెకు బకాయిలే ఇస్తారు, మరేమీ ఇవ్వరు. ఒక్క మాట చోటు మారితే ఒక ఇల్లాలి బతుకు మారిపోయింది. మన తెలుగులో 'మాత్రమే' అన్నది తన మాటను అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి ఈ చిక్కు తక్కువ. ఇంగ్లీషులో దాని చోటు చూసి చదవాలి. వ్యాకరణ పరీక్ష అంటే ఇలాంటి రెండు వాక్యాలిచ్చి, వీటికి తేడా ఏమిటో తెలుగులో చెప్పమని అడగాలి.

అలంకారాలకు కూడా పిల్లలు బెదరనక్కరలేదు. సిమిలీ మన ఉపమ. మెటఫర్ మన రూపకం. హైపర్బొలీ అతిశయోక్తి. పన్ అంటే శ్లేష. అలిటరేషన్ అంటే అనుప్రాసకు దగ్గరి చుట్టం. పోతన గారి బమ్మెర మన జనగామ జిల్లాలోనే ఉంది. భాగవత పద్యాలు చెవిన పడుతూ పెరిగిన పిల్లలకు అనుప్రాస పరాయిది ఎలా అవుతుంది? పేరు ఇంగ్లీషులో ఉంది, సరుకు మన ఇంట్లోనే ఉంది. ఆ సంగతి చెప్పేవారు కావాలి.

ఇక సాహిత్యం. షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్' మనలో చాలామందికి తెలిసిన కథే. రచయిత ఏ సంవత్సరంలో పుట్టాడని అడిగితే ఏం లాభం? ఆంటోనియో ప్రాణం ఎలా దక్కిందో అడగండి. బాకీ పత్రంలో మాంసం అని ఉంది, నెత్తురు మాట లేదు. పత్రాన్ని అక్షరం వదలకుండా చదివిన పోర్షియా గెలిచింది. అది మన సెక్షన్లో చేసిన పనే!

షేక్‌స్పియర్ నాటకాలను తన అక్క మేరీతో కలిసి 1807లో పిల్లల కథలుగా వెలువరించిన చార్లెస్ లాంబ్ కూడా మన కులం వాడే, అనగా గుమాస్తా. 1792 నుంచి 1825 వరకు ఈస్టిండియా కంపెనీలో లెక్కలు రాసి, పింఛను మీద ఇంటికి వచ్చాడు. ఆ ఏడాదే 'ది సూపర్‌యాన్యుయేటెడ్ మ్యాన్' అనే వ్యాసం రాశాడు. చేతినిండా తీరిక దొరికాక మనిషి ఎలా తికమకపడతాడో, పాత ఆఫీసుకు వెళ్తే తన బల్ల మరొకరి పాలవడం చూసి మనసు ఎలా చివుక్కుమంటుందో అందులో ఉంటుంది. క్లాసిక్ అంటే రెండు వందల ఏళ్లకు జనగామలో పెన్షనరు చదివినా తన సంగతే అనిపించేది.

చివరగా ఒక ప్రతిపాదన. వారానికి ఒక గంట మన సంఘం గదిలో పిల్లలతో కూర్చుందాం. ఒక ఇంగ్లీషు ఉత్తర్వు నకలు ఇచ్చి అయిదు ప్రశ్నలు అడుగుదాం: పని చేయవలసింది ఎవరు? ఎవరికి వర్తిస్తుంది? షరతు ఏమిటి? గడువు ఎప్పుడు? ఇదంతా మీ నాయనమ్మకు తెలుగులో చెప్పగలవా?

అయిదో ప్రశ్నే అసలు పరీక్ష. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చినా, మన ఇళ్లకు వచ్చే కాగితాలు చాలావరకు ఇంగ్లీషులోనే వస్తున్నాయి. మనలో ఎవరు ముందు కన్నుమూసినా, ఫ్యామిలీ పెన్షన్ కాగితం పట్టుకుని మన ఇంటావిడ ఎవరి గడపా తొక్కకూడదు. అది చదివి చెప్పే మనవడో మనవరాలో ఇంట్లో ఉండాలి. అలా చదవగలిగిన పిల్లలు ఆ 150 మార్కుల పేపరుకూ జంకరు.