వేలంలో పేరొచ్చింది.. మరి ఆ తర్వాత?

ఈరోజు మైపాడు బీచ్ నుంచి మాట్లాడుతున్నా. గాలి సౌండ్ వస్తుంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఇందాక ఇక్కడ టెన్నిస్ బాల్‌తో ఆడుతున్న తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఐపీఎల్‌కి ఒక్కసారి సెలెక్ట్ అయితే లైఫ్ సెటిలే కదా?"

ఇద్దరి సంగతి చెప్తా. 2022 డిసెంబర్ వేలంలో గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ని చెన్నై 20 లక్షలకి తీసుకుంది. అప్పటికి వయసు 18. అదే ఏడాది అండర్-19 వరల్డ్ కప్ గెలిచిన మన టీమ్‌కి వైస్ కెప్టెన్. అయినా 2023లో ఒక్క మ్యాచ్ లేదు, 2024లోనూ లేదు. మొదటి మ్యాచ్ 2025 ఏప్రిల్ 14న, లక్నో మీద. 19 బంతుల్లో 27 కొట్టాడు.

అదే వేలంలో వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ 20 లక్షలకే తీసుకుంది. మొదటి సీజన్‌లో ఆడింది 2 మ్యాచ్‌లే. రెండో సీజన్‌లో 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు.

నేను సాఫ్ట్‌వేర్‌లో చేరిన కొత్తలో ప్రాజెక్ట్ లేక బెంచ్ మీదున్నా. జీతం పడేది, పని లేదు. "ఏం చేస్తున్నావురా" అని నాన్న అడిగితే మాట మార్చేవాణ్ణి. ఊళ్లో అన్ని మ్యాచ్‌లూ తానే గెలిపించిన పిల్లోడు అక్కడ నీళ్ల బాటిల్స్ అందించాలంటే ఇంకెంత కష్టమో!

అందుకే తమ్ముడూ, సెలెక్ట్ అయితే గేటు దాటినట్టే, అంతే. మ్యాచ్ లేని రోజు కూడా ప్రాక్టీస్‌కి వెళ్లేవాడే నిలబడతాడు.

మీరూ ఎక్కడైనా బెంచ్ మీదున్నారా? కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!