వంశమున దిగివచ్చు వ్యాధులును, సంబంధములును
(ముడిమ్యాలలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



పిల్లల సంబంధములు మాటలాడుకొనుటకు ఇట్టి మహాసభలకంటె అనువైన తావు లేదు. కావున సంబంధముల నడుమ చెవిలో మాత్రమే చెప్పుకొను విషయ మొకటి నేడు బహిరంగముగా ప్రస్తావింపదలచితిమి. "ఆ ఇంట పిచ్చి యున్నదట" అను మాట ఒక్కటి చాలును, ఆ ఇంటి ఆడపిల్లల పెండ్లిండ్లన్నియు నిలిచిపోవుటకు. ఇట్టి నింద మోయు వ్యాధులలో హంటింగ్టన్ వ్యాధి యొకటి.

ఇది తరచుగా ముప్పది, ఏబది యేండ్ల నడుమ తలచూపును. కాలుసేతులు తమంత తామే కదలాడును, నడక తూలును, ముంగోపము, మతిమరపు హెచ్చును. చూచినవారు త్రాగుడందురు, గాలి సోకినదందురు. అత్తవారైనచో కోడలి పాదమహిమ యందురు. పాపము, ఆమె ఆ వంశముదే కాదు! 1872లో జార్జి హంటింగ్టన్ అను అమెరికా వైద్యుడు, తన తండ్రితాతలు చికిత్స చేసిన కుటుంబములనుగూడ పరిశీలించి, ఇది వంశక్రమమున వచ్చునని వ్రాసెను. వెనెజ్వేలాలో మరకైబో సరస్సు తీరమున ఈ వ్యాధిగల పెద్ద బంధువర్గము కలదు. వారి రక్తపరీక్షల సాయముననే 1983లో ఈ దోషము నాలుగవ క్రోమోసోముపై నున్నదని తేలెను. 1993లో జన్యువు దొరకెను.

దోష మేమి? తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకునకు ఒకే పదము వరుసగా పలుమార్లు వచ్చినచో లెక్క తప్పును గదా! మన డి.ఎన్.ఏ.లోను అంతే. ఈ జన్యువునందు సి, ఏ, జి అను మూడక్షరముల గుంపు మరల మరల వచ్చును. అది 26 వరకు ఉన్నచో చింత లేదు. 27 మొదలు 35 వరకు ఉన్నవారికి వ్యాధి రాదు గాని వారి బిడ్డలయందు లెక్క పెరుగవచ్చును. 36 మొదలు 39 వరకు వచ్చిన రావచ్చును, రాకపోవచ్చును. 40 గాని అంతకు మించి గాని ఉన్నచో పూర్ణాయుష్షున తప్పక వచ్చును. తండ్రినుండి దిగినపుడు లెక్క మరింత పెరుగుట కద్దు. పెరిగినకొలది వ్యాధి చిన్నవయసుననే తలయెత్తును. పునరుక్తులన్నియు చెడ్డవి కావు సుమా! హైదరాబాదునందలి సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగుగారు నేరపరిశోధనకు పనికివచ్చు డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించినది ఇట్టి పునరుక్తులతోడనే.

ఇక సంబంధముల మాట. వ్యాధిగ్రస్తుని ప్రతి బిడ్డకును, ఆడుగాని మగగాని, సగము అవకాశము. నలుగురిలో ఇద్దరికని లెక్క కాదు; ప్రతి కాన్పునను బొమ్మాబొరుసే. పెరిగిన జన్యువు అందని బిడ్డతో ఆ శాఖలో వ్యాధి అంతరించును. అట్టి బిడ్డను వెలివేయుట అన్యాయము. దీనికి మేనరికము కారణము కాదు, తలిదండ్రులలో ఒక్కరి జన్యువే చాలును. ఫ్రీడ్‌రైక్ అటాక్సియా అను మరియొక పునరుక్తి వ్యాధికి మాత్రము ఇరువురి జన్యువులును చెడవలయును; అచ్చట మేనరికము ప్రమాదమును పెంచును. ఒక కులమున హెచ్చుగా కానవచ్చు పునరుక్తి వ్యాధియు లేకపోలేదు: ఉత్తరదేశమందలి అగర్వాల్ కుటుంబములయందు పన్నెండవ రకపు స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా అట్టిది. మూసిపెట్టక పరీక్షలకు రక్తమిచ్చిన కుటుంబములవలననే అది తెలిసివచ్చెను.

హంటింగ్టన్ వ్యాధిని కుదుర్చు మందు నేటికిని లేదు. టెట్రాబెనజీన్ మొదలగునవి కదలికలను తగ్గించును. అనుమానముగలవారు మనకు చేరువనే యున్న హైదరాబాదున, పంజగుట్టయందలి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలోని జన్యువైద్య విభాగమున సలహా పొందవచ్చును. సలహా ముందు, రక్తపరీక్ష తరువాత. లక్షణములు లేని మైనరు బిడ్డలకు ఈ పరీక్ష చేయరాదు. పెద్దవారైనను, తెలిసికొనుటయు మానుటయు వారివారి యిష్టము. పెండ్లిచూపులకు వచ్చి పరీక్షాపత్రము చూపుమనుట మాకు సమ్మతము కాదు.