రెండు పడవల ప్రయాణము

రెండు పడవలపై కాళ్లు పెట్టరాదని మన పెద్దలు చెప్పినారు. బ్రతుకుతెరువునకై ఊరు విడిచి నగరమునకు పోవువారికి ఈ మాట తరచుగా వినిపించును. పోదలచినచో పూర్తిగా పొమ్మందురు, ఉండదలచినచో కదలవద్దందురు. కాని పనులు మందగించిన కాలములో, చేత నాలుగు రూకలు మాత్రమే ఉన్నవాడు ఇట్లు ఒక్కసారిగా తెగించుట మంచిదేనా? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములలోనే మనకు దొరకును. అక్కడి కొండలపై నేడు నెలకొనియున్న తెలుగు చిత్రపరిశ్రమ స్వయముగా వలస వచ్చినదే. అది వలస వచ్చిన తీరు గమనింపదగినది.

నిజమునకు తెలుగు చలనచిత్రము పుట్టినదే పరాయి ఊరిలో. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసినారు. సురభి నాటక సమాజమువారు అందుకై అంత దూరము వెళ్లి నటించినారు. 1934 నాటి ‘లవకుశ’ను సి. పుల్లయ్యగారు కలకత్తాలో తీసినారు. ప్రపంచమంతట ఆర్థికమాంద్యము కమ్ముకొని, ధాన్యపు ధర పడిపోయి, మన పల్లెలలో రొక్కము కరవైన దినములవి. అట్టి దినములలో వేయి మైళ్లు పోయి పని చేసి వచ్చిన సురభివారు తమ రంగస్థలమును మాత్రము విడిచిపెట్టలేదు. వారి నాటకములు నేటికిని నడచుచున్నవి. కొత్త పని కొరకు పోవుట వేరు, పాత పనిని తెంచుకొనుట వేరు అని వారు ఆనాడే గ్రహించినారన్నమాట.

తరువాత తెలుగు చిత్రములకు మదరాసు నెలవైనది. కోడంబాకము, వడపళని పరిసరములలోని స్టూడియోలలో మనవారు దశాబ్దముల తరబడి పని చేసినారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట పరిశ్రమ హైదరాబాదునకు తరలి రావలెనను కోరిక బలపడినది. అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసినది. పూర్తిగా హైదరాబాదులోనే నిర్మించిన తొలి చిత్రము ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1960ల దశకములోనే తమ నివాసమును ఇచ్చటికి మార్చుకొని, 1976లో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించినారు. 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో, 1996లో నగరము వెలుపల రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చినవి. ప్రభుత్వము స్థలములిచ్చినది, రాష్ట్రములో తీసిన చిత్రములకు పన్నులో రాయితీ లిచ్చినది.

ఇన్ని సదుపాయములున్నను వలసకు ముప్పది యేండ్లకు పైగా పట్టినది. ఏలనగా పరిశ్రమ రెండు కాళ్లను ఒకేసారి ఎత్తలేదు. చిత్రీకరణ హైదరాబాదులో జరిగినను, పాటల రికార్డింగునకు, ఫిల్ము కడుగుటకు చాలకాలము మదరాసునకే పోయివచ్చుచుండిరి. ఇక్కడ ప్రయోగశాలలు, నిపుణులు, యంత్రములు సమకూరిన పిదపనే అక్కడి త్రాడు విప్పినారు. ధనము, పలుకుబడి గల నిర్మాతలే రెండు పడవలపై కాళ్లు పెట్టి, మూడు దశాబ్దములు నిదానముగా నది దాటినారు. అదే నదిని చేత చిల్లిగవ్వలేని యువకుడు ఒక్క రాత్రి రైలుప్రయాణముతో దాటవలెనని చూచుచున్నాడు!

అదిగాక, నటులతో, నిర్మాతలతోనే పరిశ్రమ తరలదు. సెట్లు కట్టు వడ్రంగులు, దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, వంటవారు, రంగులు పూయువారు అందరును కదలవలెను. మదరాసులో అద్దె ఇల్లు, పిల్లల బడి, అవసరమునకు అప్పిచ్చు అంగడివాడు – ఇవన్నియు వదలుకొని వచ్చిన కార్మికునకు ఇక్కడ స్టూడియో కనబడినది గాని నిలువ నీడ కనబడలేదు. నటులు ఎం. ప్రభాకరరెడ్డిగారు ఈ లోటును గుర్తించి సినీ కార్మికుల ఇండ్ల కొరకు పాటుపడినారు. మణికొండ వద్ద సుమారు 67 ఎకరములలో వెలసిన చిత్రపురి కాలనీ నేడు వారి పేరనే యున్నది. అయితే ప్రభాకరరెడ్డిగారు 1997లోనే కన్నుమూసినారు; ఆ ఇండ్లు కార్మికుల చేతికి వచ్చుటకు తరువాత ఎన్నో యేండ్లు పట్టినది. పని ముందు వచ్చును. ఇల్లు చాల వెనుకగా వచ్చును. ఈ నడిమి కాలమే వలస వచ్చినవానికి నిజమైన పరీక్ష.

ఆ నడిమి కాలమును గడుపువారిని చూడవలెనన్న జూబిలీ హిల్స్ దిగి కృష్ణానగర్ పోవలెను. దూరపు కొండలు నునుపు అను సామెత అక్కడ బాగుగా అర్థమగును. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు, దినకూలీ కార్మికులు వీధులలోనికి వచ్చి బండ్ల కొరకు వేచియుందురు. ఏజెంటు పిలిచిననాడు కూలియు, బత్తాయు దొరకును. పిలువనినాడు గది అద్దె మాత్రము ఆగదు. సంఘములో సభ్యత్వపు కార్డు లేనిదే నిలకడగా పని దొరకుట కష్టము. కార్డు పొందుటకు చెప్పుకోదగిన సొమ్ము కావలెను. ఊరినుండి వచ్చినవానికి ఈ సంగతి సాధారణముగా వచ్చిన తరువాతనే తెలియును.

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణముగా చిత్రీకరణలు ఒక్కసారిగా నిలిచిపోయినవి. ఆ సంవత్సరము ఏప్రిల్–జూన్ మాసములలో దేశపు స్థూల ఉత్పత్తి, తొలి లెక్కల ప్రకారము, అంతకు ముందటి యేటికంటె 23.9 శాతము తగ్గినది. చిరంజీవిగారి పూనికతో ‘కరోనా క్రైసిస్ ఛారిటీ’ ఏర్పడి సినీ కార్మికుల ఇండ్లకు నిత్యావసర సరకులు పంపినది. అది మెచ్చుకోదగిన పని. కాని సంఘపు జాబితాలో పేరే లేనివాని సంగతి ఏమి? అతనికి మిగిలిన ఆధారము ఊరొక్కటే. ఊరితో పొత్తు నిలుపుకొన్నవాడు పోయి పొలములోనో, అంగడిలోనో చేతికందిన పని చేసికొని, కాలము కుదుటపడిన పిదప తిరిగి రాగలిగినాడు. పొత్తు తెంచుకొన్నవానికి ముందునకు దారి లేదు, వెనుకకు దారి లేదు. 2025 ఆగస్టులో వేతనముల పెంపునకై కార్మికులు పని మానినప్పుడును చిత్రీకరణలు పదునెనిమిది దినములు ఆగినవి. అనగా పని ఆగుట ఈ వృత్తిలో అపురూపమైన విపత్తు కాదు. దానిని ముందే లెక్కలో వేసికొనవలెను.

కనుక నగరమునకు పోదలచిన యువజనులకు చెప్పవలసినది వెళ్లవద్దని కాదు. ఒక చేతిపని నేర్చుకొని వెళ్లుడు: కుట్టుపని గాని, విద్యుత్తు పని గాని, వాహనము నడుపుట గాని. వేషము లేనినాడు అది అన్నము పెట్టును. కొన్ని నెలల అద్దెకు సరిపడు సొమ్ము వేరుగా ఉంచుకొనుడు. తిరుగు ప్రయాణపు ఛార్జీని ఎట్టి అవసరము వచ్చినను ముట్టకుడు. వేషమిప్పింతునని ముందుగా డబ్బడుగువానిని నమ్మకుడు. పని లేని దినములలో పని ఉన్నదని ఇంటికి వ్రాయకుడు.

ఇంటి పెద్దలకు మరొక మాట. మీ బిడ్డ నగరమునకు పోయినాడని అతని మంచము తీసివేయకుడు. పండుగకు రిక్తహస్తములతో వచ్చినను, ‘ఏమి సాధించితివి?’ అని నలుగురిలో అడుగకుడు. అట్లడుగుదురను భయముననే ఎందరో యువకులు కష్టకాలమునను ఇల్లు చేరక ఆ ఇరుకు గదులలోనే పస్తులుందురు. లక్షల పెట్టుబడి గల పరిశ్రమయే ముప్పది యేండ్లు మదరాసునకు పోవుచు, వచ్చుచు ఉండినది. దానినెవ్వరును ఓటమి యనలేదు. మన బిడ్డ ఒక యేడు వెనుకకు వచ్చి మరల బయలుదేరినచో, దానికి మాత్రము మరొక పేరు పెట్టనేల?