తానుగా పలుకని మీట

కీబోర్డుపై నున్న మీటలలో అధికభాగము అక్షరములను వ్రాయునవి. వాని ప్రక్కనే, ఒంటరిగా నొక్కినచో ఏమియు వ్రాయని మీటలు కొన్ని కలవు. షిఫ్టు, కంట్రోలు, ఆల్టు అని వానికి పేర్లు. తమకు రూపము లేదు, ధ్వని లేదు. తోడుగా నొక్కిన మీట విలువను మార్చుటయే వాని పని.

తెలుగు చదువుకొన్నవారికి ఈ భావము క్రొత్తది కాదు. గుడి, కొమ్ము, ఏత్వము ఒంటరిగా నిలువవు. హల్లును ఆశ్రయించి దాని ఉచ్చారణను మార్చును. పొల్లు హల్లులోని అచ్చును తొలగించును. మన పాతబస్తీ గోడలపై కనిపించు ఉర్దూ లిపిలో జేరు, జబరు, పేషు అను గుర్తులు చేయునదియు ఇట్టి పనియే. కావున ఈ మూగమీటల చరిత్ర పశ్చిమదేశములలో ఆరంభమైనను, దాని ఫలితము ఛత్తాబజారులో శుభలేఖ అచ్చువేయించు గృహస్థు వరకును వచ్చినది.

మొదటిది షిఫ్టు. 1874లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ విక్రయించిన టైపురైటరు పెద్ద అక్షరములను మాత్రమే వ్రాయగలిగెడిది. 1878లో వచ్చిన రెండవ నమూనాలో ఒక్కొక్క అచ్చుకడ్డీ కొనను రెండేసి అక్షరములు చెక్కిరి. షిఫ్టు నొక్కినప్పుడు కాగితమును మోయు క్యారేజీ కొంచెము జరిగి, రెండవ అక్షరము కాగితముపై పడెడిది. షిఫ్టు అనగా జరుపుట యని అర్థము. నాడు నిజముగనే ఒక బరువైన వస్తువు జరిగెడిది. నేడు ఏదియు జరుగకున్నను పేరు నిలిచియున్నది.

ఈ పద్ధతి పోటీ లేకుండ గెలువలేదు. క్యాలిగ్రాఫ్ అను యంత్రముపై పెద్ద అక్షరములకు, చిన్న అక్షరములకు వేర్వేరు మీటలుండెడివి. 1888 జూలై 25వ తేదీన సిన్సినాటి నగరమున రెమింగ్టనుపై ఫ్రాంక్ మెక్‌గరిన్, క్యాలిగ్రాఫుపై లూయీ ట్రాబ్ పందెము వేసికొనిరి. మీటలను చూడకుండ వ్రాయు మెక్‌గరిన్ గెలిచెను. తక్కువ మీటలు, వానిని మార్చు ఒక మీట. వ్రేళ్లకు ఇదియే సుకరమని లోకము నమ్మినది.

రెండవ ఘట్టము తంతి వార్తలది. ఫ్రాన్సుదేశీయుడు ఎమీల్ బోదో 1874లో హక్కు పొందిన పద్ధతిలో ప్రతి అక్షరమునకు ఐదు సంకేతములు. ఒక్కొక్క సంకేతము ఉండవచ్చును, లేకపోవచ్చును. అట్టి కలయికలు 32 మాత్రమే. ఆంగ్లాక్షరములు 26, అంకెలు 10, ఇవియే 36. ఈ చిక్కునకు పరిష్కారముగా రెండు సంకేతములను మార్పుకొఱకు ప్రత్యేకించిరి. ఒకటి వచ్చినచో తరువాత వచ్చునవి అక్షరములు. రెండవది వచ్చినచో అంకెలు, విరామచిహ్నములు. ఇచ్చట షిఫ్టు కదలిక కాదు. తంతిపై ప్రయాణించు ఒక సందేశము. దారిలో అది చెడిపోయినచో, తరువాతి మాటలన్నియు అంకెలై అచ్చుపడెడివి. మార్పు చెప్పు గుర్తు తప్పినచో మిగిలిన గుర్తులన్నియు సరిగా చేరినను ప్రయోజనము లేదు.

మూడవది కంట్రోలు మీట. 1963లో అమెరికావారు ఆస్కీ అను సంకేతపట్టికను నిర్ణయించిరి. ఏడు బిట్లతో 128 స్థానములు ఏర్పడినవి. అందు మొదటి 32 స్థానములు అక్షరములకు గాక యంత్రమునకు ఆజ్ఞలు. కంట్రోలు మీట చేయు పని మిక్కిలి సరళము: అక్షరపు సంఖ్యనుండి 64ను తీసివేయును. ఆంగ్లములోని ‘జీ’ అక్షరమునకు సంఖ్య 71. కంట్రోలుతో కలిపి నొక్కినచో 7 మిగులును; 7 అనగా గంట మ్రోగించుమని ఆజ్ఞ. ‘ఎమ్’ సంఖ్య 77. 64 పోగా 13. అది క్యారేజీని పంక్తి మొదటికి తెమ్మను ఆజ్ఞ. చిన్న అక్షరములు 1967 నాటి సవరణలో చేరినప్పుడు, పెద్ద అక్షరమునకును చిన్న అక్షరమునకును 32 భేదముండునట్లు అమర్చిరి. ఆ విధముగా క్యారేజీ జరుగుటయనునది ఒక కూడికగా, ఒక తీసివేతగా పరిణమించినది.

ఏడు బిట్లు నిండిన పిదప ఎనిమిదవ బిట్టు మిగిలినది. తరువాతి కాలమున పాస్కల్ భాషను నిర్మించిన నిక్లాస్ వర్త్ 1960లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున నున్నప్పుడు, ఆ బిట్టునకును ఒక మీట ఉండవచ్చునని సూచించినట్లు చెప్పుదురు. అచ్చటి ప్రయోగశాల కీబోర్డులో మెటా అను మీట చేరినది. 1970ల చివర మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో నిర్మించిన కీబోర్డులో కంట్రోలు, మెటా, సూపరు, హైపరు అని నాలుగును, గ్రీకు అక్షరములకు వేరొకటియు ఉండెను. నేర్చినవారికి అది ఐశ్వర్యము, నేర్వనివారికి అరణ్యము. 1981 నాటి ఐబీఎం కంప్యూటరులో కంట్రోలు, ఆల్టు, షిఫ్టు నిలిచినవి. 1984 నాటి మాకింటాష్‌లో కమాండ్ మీట వచ్చినది. దానిపై నున్న నాలుగు ముడుల గుర్తును, స్వీడను దేశమున దర్శనీయస్థలములకు పెట్టు గుర్తునుండి సూసన్ కేర్ గ్రహించెను.

ఇంతవరకు చెప్పినదంతయు 26 అక్షరముల భాష కథ. ఏబదికి మించిన అక్షరములు, గుణింతములు, వత్తులు గల మన లిపికి ఈ పలకపై చోటెక్కడిది? 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వచ్చిన పిదప కార్యాలయములకు తెలుగు టైపురైటరు అవసరమైనది. మన లిపుల యంత్రములలో కొన్ని మీటలను నొక్కినను క్యారేజీ కదలకుండ అమర్చిరి. ఒకే చోట ఒకదానిపై నొకటి పడి అక్షరము పూర్తియగును. కంప్యూటరు వచ్చిన తరువాత 1986లో భారత ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్టు అను అమరికను ప్రమాణముగా ప్రకటించెను. అందు షిఫ్టునకు మన వర్ణమాలయే అర్థము చెప్పినది. ‘క’ మీటను షిఫ్టుతో నొక్కినచో ‘ఖ’. ‘త’ను నొక్కినచో ‘థ’. అల్పప్రాణమునకు మహాప్రాణము తోడగుచున్నది. గుడి మీటను షిఫ్టుతో నొక్కినచో ‘ఇ’ వచ్చును. పొల్లునకు ప్రత్యేకముగా ఒక మీట యున్నది. ‘క’, పొల్లు, ‘ష’ వరుసగా నొక్కినచో ‘క్ష’ తానుగా కూడుకొనును. తెలుగులో నేర్చిన వ్రేళ్లు దేవనాగరిలోను అదే చోట ‘క’ను కనుగొనును. ఆంగ్లములో షిఫ్టు అక్షరమును పెద్దది చేయును. మన భాషలో దానికి ఊపిరి పోయును.

పాతబస్తీలో వేరొక లిపి వేరొక కష్టము పడినది. ఉర్దూ అక్షరము పదమున మొదట, నడుమ, చివర వేర్వేరు రూపములు దాల్చును. అరబ్బీ టైపురైటర్లలో పదాంతరూపములకు షిఫ్టును వినియోగించిరి. కాని వాలుగా జారు నస్తాలీఖు అందమును ఏ టైపురైటరును పట్టలేకపోయినది. అందువలన ఉర్దూ దినపత్రికలు సైతము చిరకాలము కాతిబుల చేతివ్రాతతోనే వెలువడినవి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ చేతివ్రాత ఆధారముగా నూరీ నస్తాలీఖు యంత్రమునకు ఎక్కినది. అందుకై వేలకొలది కూటరూపములు విడివిడిగా వ్రాయవలసివచ్చినది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ సామాన్య కంప్యూటరులోనికి ఆ వ్రాతను తెచ్చినది. రూపము నిర్ణయించు భారము యంత్రము వహించుటచే షిఫ్టు విముక్తమైనది. ధ్వన్యనుసారియైన ఉర్దూ అమరికలలో నేడది ‘తే’ను ‘టే’గా, ‘దాల్’ను ‘డాల్’గా మార్చుచున్నది.

ఈ లాభమునకు మూల్యమును లేకపోలేదు. ఛత్తాబజారులో రెల్లుకలముతో శుభలేఖలు వ్రాసిన కాతిబులకు పని తగ్గినది. దశాబ్దముల సాధనతో వచ్చు చేతివాటమును ఒక మీట ఇవ్వజాలదు. ఆ కళ మిగులవలెనన్నచో దానిని నేర్పువారికి గౌరవము, నేర్చువారికి జీవనము ఉండవలెను. మ్యూజియములో అద్దము వెనుక పెట్టినంతమాత్రమున చాలదు.

తెలుగువారి ముందున్న చిక్కు వేరు. అచ్చుశాలలలో ఒక అమరిక, కార్యాలయములలో ఒకటి, చేతి ఫోనులో మఱియొకటి. ఒక ఫాంటులో వ్రాసినది ఇంకొకదానిలో అర్థములేని గుర్తులై కనబడుట పెక్కుమంది అనుభవమే. తంతివార్తలో షిఫ్టు సంకేతము చెడినప్పుడు జరిగినదియు ఇదియే. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగునకు స్థిరమైన స్థానము కలదు. ఆ లోపమునకు మందు మన చేతిలోనే యున్నది. అయినను ఎందఱో తెలుగు మాటను రోమన్ అక్షరములలో వ్రాసి, యంత్రము దానిని తెలుగుచేయునని ఎదురుచూచుచున్నారు. అది సులభమే, కాని ‘ళ’కును ‘ల’కును, ‘ణ’కును ‘న’కును గల భేదమును బాలురు వ్రేళ్లతో నేర్చు అవకాశము అందు సన్నగిల్లును.

మార్పు మీటకు స్వతస్సిద్ధమైన అర్థము లేదు. వాడుకరులందరు ఏకీభవించినదే దాని అర్థము. కావున పాఠశాలలో కంప్యూటరు నేర్పునప్పుడు, ఆంగ్లపు అమరికతోబాటు తెలుగు అమరికయు, ఉర్దూ చదువు పిల్లలకు ఉర్దూ అమరికయు కొన్ని వారములు నేర్పుట అవసరము. ‘క’కు తోడుగా షిఫ్టు నొక్కి ‘ఖ’ను చూచిన బిడ్డ, యంత్రము పరులదైనను అందులో తన వర్ణమాలకు చోటున్నదని గ్రహించును.