పొడిదేశ యాత్రలో ముక్కు, చెవి, గొంతుల రక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము నెలకొని 25 సంవత్సరములు నిండిన శుభసమయమున నన్ను కావ్యములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. నేను వేరొక విషయము నెన్నుకొంటిని. మన గ్రామమునుండి ఉత్తరదేశ యాత్రలకు పోవువారు కలరు. కువైటు, దుబాయి, రియాదు నగరములకు జీవనోపాధికై పోయిన పిల్లలు కలరు. గోదావరి గాలిలో పెరిగిన మనకు అచ్చటి పొడిగాలి క్రొత్తది. దాని స్వభావము తెలియక నేను చేసిన పొరపాటొకటి మీ ముందుంచుట కావ్యప్రసంగముకంటె ఉపయోగకరమని తోచినది.

నాలుగు సంవత్సరముల క్రిందట వైశాఖమాసమున మేమయిదుగురము పుష్కరక్షేత్రమున బ్రహ్మదేవుని దర్శించుకొని, అటనుండి జైసల్మేరు పోయితిమి. మన డెల్టాలో ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. అచ్చట రమారమి 200 మిల్లీమీటర్లే. పగలెల్ల ‘లూ’ అను వడగాలి వీచుచుండెను. పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోవుచుండుటచే, చెమటయే లేదు గదా యని మేము నీరు తక్కువ త్రాగితిమి.

రెండవనాటి రాత్రి మాలో పెద్దవారొకరికి ముక్కునుండి నెత్తురు కారసాగెను. నాలుగు గ్రంథములు చదివినవాడనను ధీమాతో నేను ఆయన తల వెనుకకు వంచి, నడినెత్తిన చన్నీరు పోసితిని. నెత్తురు గొంతులోనికి దిగి, ఆయన ఉక్కిరిబిక్కిరియై వాంతి చేసికొనెను. అందులో నెత్తురు చూచి మాకు కాళ్లు చేతులు ఆడలేదు. అంతలో సత్రపు కాపరి పరుగున వచ్చి, ఆయనను నిటారుగా కూర్చుండబెట్టి, తలను కొంచెము ముందునకు వంచి, ముక్కు క్రిందిభాగమున మెత్తగా నుండుచోట రెండు వ్రేళ్లతో నొక్కిపట్టెను. గడియారము చూచుచు పావుగంటసేపు వదలలేదు. నెత్తురు నిలిచినది. అతడు చేసినదే సరియైన పనియనియు, నేను చేసినది ప్రమాదకరమనియు మరునాడు అచ్చటి వైద్యుడు చెప్పెను. ఆ పెద్దలు నేడు ఈ సభలోనే కూర్చుండియున్నారు. అది మా భాగ్యము.

ఇట్లేల జరిగెనని విచారింతము. ముక్కు కేవలము గాలి పోవు దారి కాదు. బయటి గాలిని వెచ్చజేసి, తడిపి, దుమ్మును వడగట్టి ఊపిరితిత్తులకు పంపునది అదియే. లోపలి పలుచని శ్లేష్మపు పొరపై దుమ్మును, క్రిములును అంటుకొనును. కంటికి కానరాని నూగు ఆ పొరను నిరంతరము గొంతువైపునకు నెట్టుచుండును. పొడిగాలికి తేమనిచ్చి యిచ్చి ఆ పొర యెండును. నూగు పని మందగించును. చెక్కులు కట్టి, వ్రేలు తగిలినంతనే చిట్లును. రెండు ముక్కురంధ్రముల నడిమి గోడ ముందుభాగమున సన్నని రక్తనాళములు గుంపుగా నున్నవి. ముక్కు నెత్తురు చాలవరకు అచ్చటినుండియే వచ్చును. గల్ఫు దేశములలో బయట ఎడారిగాలి, లోపల శీతలయంత్రముల గాలి, రెండును పొడివే. లడఖు వంటి చలిసీమయందును ఇదే బాధ కలదు. లేహ్ పట్టణము సముద్రమట్టమునకు 3,500 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి గాలి చల్లనిదైనను మిక్కిలి పొడిది.

కావున ముక్కును తడిగా నుంచుకొనుటయే మొదటి జాగ్రత్త. మందుల అంగడిలో దొరకు సెలైన్ చుక్కలు వెంట నుంచుకొని దినమునకు మూడు నాలుగు మారులు వేసికొనవచ్చును. ఉప్పునీటితో ముక్కు కడుగుకొనువారు నీటిని తెరల కాచి, చల్లార్చి వాడవలెను. పచ్చినీటిలోని కొన్ని సూక్ష్మజీవులు, అరుదుగానే యైనను, ముక్కుద్వారా మెదడునకు ప్రాణాంతకమైన వ్యాధి కలిగించును. మూసికొనిన ముక్కును వెంటనే తెరచు మందుచుక్కలను మూడు నాలుగు దినములకు మించి వాడినచో ముక్కు మరింత బిగుసుకొనును. నస్యకర్మ మన ఆయుర్వేదమున ప్రసిద్ధమే. చరకసంహితలో అణుతైలము చెప్పబడినది. కాని అది వైద్యుడు మనిషిని పరీక్షించి చేయించు చికిత్స. ప్రయాణములో పండుకొని నూనెచుక్కలు తామే వేసికొనరాదు. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి జారి కీడు చేయవచ్చును. దుమ్ము లేచినపుడు మన రైతు తుండుగుడ్డ ముక్కునకు అడ్డముగా కట్టుకొనుట మంచి అలవాటు.

ఇక చెవి. మధ్యకర్ణమునుండి గొంతు వెనుకకు సన్నని గొట్టమొకటి కలదు. మ్రింగునపుడును, ఆవులించునపుడును అది తెరచుకొని చెవిలోపలి గాలిని బయటి గాలితో సమము చేయును. విమానము దిగునపుడు చెవులు దిబ్బడ వేయుట ఆ గొట్టము తెరచుకొనకపోవుటవలననే. అప్పుడు నిద్రపోక, ఏదేని చప్పరించుచు గుటకలు మ్రింగవలెను. చంటిబిడ్డకు పాలు పట్టవలెను. జలుబు తీవ్రముగా నున్నవారు వైద్యుని అడిగి బయలుదేరుట మేలు. పొడిగాలికి చెవి దురద పెట్టినను పిన్నీసు, అగ్గిపుల్ల లోపల పెట్టరాదు. గుబిలి చెవికి రక్షయే. పుల్ల దానిని ఇంకను లోనికి నెట్టును.

గొంతునకు నీరే రక్ష. దాహమగువరకు ఆగక కొంచెము కొంచెముగా త్రాగుచుండవలెను. గుండె, మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుడు చెప్పిన పరిమాణము దాటరాదు. నోటితో గాక ముక్కుతో శ్వాసించవలెను. చుట్ట, సిగరెట్టు గొంతును మరింత ఎండబెట్టును. బొంగురు మూడు వారములు దాటినచో పొడిగాలిని నిందించుచు కూర్చుండక వైద్యునకు చూపవలెను.

నెత్తురు విషయము మరల చెప్పుచున్నాను. తల ముందునకు వంచవలెను, మెత్తని భాగమును నొక్కవలెను, నోటితో శ్వాసించవలెను, నోటిలోనికి వచ్చిన నెత్తురును ఉమియవలెను, పది పదునైదు నిమిషములు వదలరాదు. అరగంటకును నిలువకున్నను, తలకు దెబ్బ తగిలినను, నెత్తురును పలుచబరచు మాత్రలు వాడువారైనను ఆసుపత్రికి పోవలసినదే.

చివరకు పాలకవర్గమువారికి ఒక విన్నపము. మన గ్రంథాలయమున కావ్యములకు మంచి బీరువా కలదు. దాని ప్రక్కన ఆరోగ్య గ్రంథములకు ఒక అర కేటాయింపుడు. ఊరు విడిచి దూరదేశము పోవు ప్రతి పిల్లవాడును ఒక సాయంకాలము అచ్చట కూర్చుండి చదివి పోవునట్లు చేయుడు. సత్రపు కాపరికి తెలిసినపాటి విషయము నాకు తెలియకపోయెనను సిగ్గు ఇంకను నన్ను విడువలేదు. ఆ సిగ్గు మీలో మరియొకరికి కలుగకుండుగాక.

సెలవు.