మీసముల మాయాశశిరేఖ

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, ఏ ప్రబంధకవినిగూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. నేనును మొదట అట్లే తలచితిని. కాని గత మాసమున మన సంఘపు బీరువా సర్దుచుండగా, పాత జమాఖర్చుల కాగితముల క్రింద ఒక టేపు క్యాసెట్టు దొరకినది. దానిపై నీలిసిరాతో ‘మాయాబజారు – మనవాళ్ళు’ అని వ్రాసియున్నది. తేదీ లేదు. క్యాసెట్టు దొరకుటకంటె దానిని వినిపించు యంత్రము దొరకుట కష్టమైనది. తుదకు సహోద్యోగి ఒకరు తమ ఇంటి అటుకమీదనుండి ఒకటి దింపి, దుమ్ము దులిపి తెచ్చిరి. టేపు కొంతసేపు గురగురలాడెను. పిమ్మట హార్మోనియము శ్రుతి వినవచ్చెను. ఆ పిమ్మట ఒక మహారాక్షసుని నవ్వు వినవచ్చెను.

మన సంఘమువారు ఒకానొక ఉగాదినాడు ఈ ఊరిలో మాయాబజారు చిత్రమును గంటన్నర నాటకముగా కుదించి, పాటలతోసహా ఆడిరట. 1990 తరువాతి రెండు మూడేండ్లలో జరిగియుండునని పెద్దలు చెప్పిరి. రాయపూరు అప్పటికి మధ్యప్రదేశములోనిది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 నవంబరు 1వ తేదీన గదా ఏర్పడినది.

ఈ టేపును కంప్యూటరులోనికి ఎక్కించి సభ్యులందరకును పంచవలెనని కార్యవర్గము నిశ్చయించినది. అంతవరకు భేదాభిప్రాయము లేదు. అయితే ప్రేక్షకుల గోల, నవ్వులు, ప్రాంప్టరు గొంతు, పిల్లల ఏడుపు తీసివేసి, పాటలను మాటలను మాత్రమే శుభ్రపరచి ఉంచవలెనని కొందరు మిత్రులు కోరుచున్నారు. అక్కరలేదని కొందరము అనుచున్నాము. ఆ రెండవ పక్షమున వాదించుటకే నేడు నిలుచుంటిని.

నాటకమున వేషములు కట్టినవారే తమ పాటలను పాడి రికార్డుగా ఇచ్చు ఆచారము అమెరికాలో బాగుగా పాతుకొన్నది. 1943లో న్యూయార్కు నగరపు బ్రాడ్వేయందు ‘ఓక్లహోమా’ అను సంగీత నాటకము ఆడుచుండగా, డెక్కా కంపెనీవారు దాని నటులను, గాయకులను, వాద్యబృందమును పిలిపించి ఆరు రికార్డుల పన్నెండు ముఖములపై ఆ పాటలను ముద్రించిరి. ఆ కాలపు రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగునది. పది అంగుళముల రికార్డు ఒక ముఖమున సుమారు మూడు నిమిషముల పాట పట్టును. అట్టి రికార్డులను కాగితపు సంచులలో నుంచి, ఆ సంచులను ఫోటోల ఆల్బమువలె అట్టలమధ్య కుట్టి అమ్మెడివారు. ఆల్బమను పేరు అట్లు వచ్చినదే. ఇప్పుడు అట్టలును లేవు, పుటలును లేవు. పేరు మాత్రము మిగిలినది.

మొదట నాటకమునుండి చిత్రము పుట్టెడిది. పిమ్మట చిత్రమునుండి నాటకము పుట్టుటయు పరిపాటియైనది. రోజరు కార్మన్ అను దర్శకుడు 1960లో మనుష్యులను తిను మొక్కనుగూర్చి స్వల్ప వ్యయముతో ఒక హాస్య చిత్రము తీసెను. 1982లో అది పాటల నాటకమైనది. జాన్ వాటర్స్ 1988లో తీసిన ‘హెయిర్‌స్ప్రే’ 2002లో బ్రాడ్వే ఎక్కి, మరుసటి యేడు ఎనిమిది టోనీ బహుమతులు పొందినది. అందులో నాయిక తల్లి వేషము చిత్రమునను, నాటకమునను గూడ పురుషుడే వేసెను. ఇవి గంభీర నాటకములు కావు. అతి చేయుచున్నామని తెలిసి, తెలియుననియు ప్రేక్షకునకు సైగచేసి, ఆ పైని ఇంకను కొంత అతి చేయుట వీని పద్ధతి. ఆంగ్లమున దీనిని ‘క్యాంప్’ అందురు. మనకు ప్రత్యేకముగ పేరు లేకున్నను వస్తువు కలదు. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు తెరమీదికి వచ్చి చేయు పని ఇదియే గదా!

ఈ రికార్డులను స్టూడియోలో ముద్రింతురు. వానిలో ప్రేక్షకుడు లేడు. మన మిత్రులు నాకు చూపు దృష్టాంతము అదియే. న్యాయమైన మాటయే గనుక దీనికి సమాధానము చెప్పవలసియున్నది. దానికి ముందు మన తెలుగునాట ఈ రాకపోకలు ఎట్లు జరిగినవో కొంచెము చూతము.

స్థానం నరసింహారావుగారు పురుషులైయుండి స్త్రీ వేషములకు పేరెన్నిక గన్నవారు. 1956లో పద్మశ్రీ పొందిరి. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా వచ్చి, తామే కూర్చుకొన్న ‘మీరజాలగలడా’ అను పాటను పాడెడివారు. ఆ పాట గ్రామఫోను రికార్డులమీదికి ఎక్కి, నాటకము చూడనివారి ఇండ్లకును చేరినది. 1966లో తులాభారము చిత్రముగా వచ్చినప్పుడు అదే పాటను పి. సుశీలగారు పాడగా జమునగారు సత్యభామగా అభినయించిరి. అనగా, స్త్రీ వేషమున ఒక పురుషుడు పాడిన పాట రంగస్థలమునుండి రికార్డునకును, దానినుండి వెండితెరమీది స్త్రీ కంఠమునకును వచ్చినది. ఈ సంగతి దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మన టేపులో దీనికి తలక్రిందులైన కథ నడచినది.

ఇక మాయాబజారు మాట. బలరాముని కూతురు శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు. జానపదులు కల్పించుకొన్నది, నాటకములవారు పెంచినది. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభి కుటుంబములవారికి ఇది కొంగుబంగారమైన కథ. విజయావారి చిత్రము 1957లో వచ్చినది, దర్శకులు కె.వి. రెడ్డిగారు, మాటలు పాటలు పింగళి నాగేంద్రరావుగారివి. అందులో ఘటోత్కచుడు పెండ్లివారి భక్ష్యములను ఆరగించుచు పాడు పాటకు మాధవపెద్ది సత్యముగారు గొంతునిచ్చిరి. దాని వరుసకు సురభివారి నాటకపు పాటయు, అంతకుముందే వచ్చిన ఒక హరికథ రికార్డును మూలములని చెప్పుదురు. ఆ నవ్వు ఇంకను దూరమునుండి వచ్చినది. 1922లో ఛార్లెస్ పెన్రోజ్ అను ఆంగ్లేయుడు ‘నవ్వు పోలీసు’ పాటను రికార్డు చేసెను. అది వినినవారికి ఘటోత్కచుడు తలపునకు రాక మానడు. పెన్రోజ్ ఆ వరుసను తీసికొన్నది జార్జి డబ్ల్యు. జాన్సన్ పాటనుండి. జాన్సన్ అమెరికాలోని నీగ్రోజాతి గాయకుడు. 1890 ప్రాంతమున మైనపు గొట్టములమీద నవ్వుచు పాడి పేరు పొందెను. ఒక గొట్టము ముద్రించిన పాటకు ప్రతులు తీయుట అప్పటికి కష్టము గనుక, ఆతడు ఆ పాటనే, ఆ నవ్వునే, మరల మరల యంత్రము నెదుట నవ్వవలసివచ్చెను. హిడింబాసుతుని నవ్వునకు అంత వంశవృక్షము కలదని నేను ఈ టేపు విన్న తరువాతనే తెలిసికొంటిని.

సినిమాను చూచి నాటకమాడుట చవుకబారు పని అనువారికి నేను చెప్పునది ఇంతే: ఆ నవ్వు సముద్రములు దాటి, రికార్డునుండి రికార్డునకు, నాటకమునకు, చిత్రమునకు తిరిగినది. మన గుమాస్తాల నాటకము దాని త్రోవలో మరియొక మజిలీ.

క్యాసెట్ల కాలమున ఈ రాకపోకలు మరింత హెచ్చినవి. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ సుమారు నాలుగు గంటల చిత్రము. కొండవీటి వెంకటకవిగారి సంభాషణములు. ఆ సంభాషణములు రికార్డులుగా, క్యాసెట్లుగా ఊరూర మైకులలో మ్రోగగా, దుర్యోధనుని పాఠమును కంఠస్థముచేసి పాఠశాల వార్షికోత్సవములలో గద పట్టిన బాలురు అసంఖ్యాకులు. నేనును ఒక అట్టముక్క గద పట్టినవాడనే. నా దుర్యోధనుడు రెండవ వాక్యమువద్ద ఆగిపోయెను గనుక ఆ ప్రసక్తి ఇంతటితో ముగింతును.

మనము నివసించు ఈ ఊరిలోనే 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్‌గారి మాటయు ఒకటి చెప్పవలెను. ఛత్తీస్‌గఢీ నాచా కళాకారులతో వారు నడపిన ‘చరణ్‌దాస్ చోర్’ నాటకము 1975లో రూపొందినది. అదే యేట, ఆ నటులలో పలువురతోనే, శ్యామ్ బెనెగల్‌గారు దానిని బాలల చిత్రముగా తీసిరి. 1982లో ఆ నాటకము స్కాట్లండులోని ఎడిన్‌బరో ఉత్సవమున బహుమతి పొందినది. ఆ భాష ఎరుగనివారు అచ్చట చూచి మెచ్చిరి. నేను దీనిని ఎందుకు తెచ్చితినన్నచో, మన టేపులో నవ్వినవారిలో సగమునకు తెలుగు రాదు.

ఇప్పుడు టేపునకు వత్తము. చిత్రమున మాయాశశిరేఖ ఘట్టము మీరెరిగినదే. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చి పెండ్లిపీటలమీద లక్ష్మణకుమారుని తిప్పలు పెట్టును. సావిత్రిగారు తమ కోమలమైన ఆకారముతోనే ఎస్.వి. రంగారావుగారి నడకను, చూపును తెచ్చిన తీరు తెలుగువారు మరువనిది. పాట సుశీలగారిదే యైనను, నడుమనడుమ ఘంటసాలగారి గొంతు రాక్షసుని బయటపెట్టును. మన సంఘమువారికి ఒక సావిత్రి దొరకలేదు. ఘటోత్కచ వేషము వేసిన పెద్ద గుమాస్తాగారినే చీర కట్టించి పీటలమీద కూర్చుండబెట్టిరి. లోపల నున్నది ఘటోత్కచుడే గదా యని వారి తర్కము. మీసము తీయుడని అడుగగా, తండ్రిగారు సజీవులైయుండగా మీసము తీయనని వారు నిరాకరించిరట. కనుక మాయాశశిరేఖ బాసికముతోను, వడ్డాణముతోను, నిండు మీసములతోను రంగస్థలమెక్కినది.

ఈ సంగతి నాకు టేపు చెప్పలేదు; నాడు మొదటి వరుసలో కూర్చున్న ఒక అమ్మగారు చెప్పిరి. టేపులో వినబడునది ఇది: హార్మోనియము ఆగును. తెర లాగు కప్పీల చప్పుడగును. రెండు క్షణములు నిశ్శబ్దము. అంతట సభ యావత్తు ఒక్కమారుగ ఘొల్లుమనును. ఆ నవ్వు నేను గడియారము చూచి లెక్కించినది, నలువది సెకండ్లు. అది తగ్గుచుండగా సన్నని గొంతు చేసికొని వారు పాట ఎత్తుకొందురు, రెండవ చరణమునకు ముందు ఒక్క హుంకారము చేయుదురు, మరల ఘొల్లు. నడుమ ఒక స్త్రీ, తన ప్రక్కవారికి కాబోలు, హిందీలో ‘లోపల నున్నది రాక్షసుడు’ అని అర్థము చెప్పుచుండును. ప్రాంప్టరు పాపము ఒకే మాటను మూడుమార్లు అందించును, ఎవ్వరును అందుకొనరు. లక్ష్మణకుమారుని కాలు తొక్కినప్పుడు ఆతడు ‘అమ్మో’ యని అరచినది నటన కాదని నా అనుమానము.

ఈ గోలను తీసివేసినచో మిగులునదేమి? మోస్తరుగా పాడు ఒక మగగొంతు, కొంచెము శ్రుతి తప్పిన హార్మోనియము. అంతకంటె సుశీలగారి పాటయే వినవచ్చును గదా! స్వరమును టేపు పట్టగలదు గాని మీసమును పట్టలేదు. మీసము మనకు వినబడుచున్నది ఆ నలువది సెకండ్ల నవ్వులోనే. బ్రాడ్వే నాటకములు ఏండ్ల తరబడి ఆడును. రికార్డు వినినవాడు టిక్కెట్టు కొని చూచి రావచ్చును. పాడినవారు గొప్ప గాయకులు. ప్రేక్షకుడు లేకున్నను ఆ పాట నిలుచును. మనవారు ఆడినది ఒక్క రాత్రి. ఆ రాత్రికి వేరొక సాక్ష్యము లేదు. ఫోటోలైనను నాకింతవరకు దొరకలేదు.

టేపు గురగురను తగ్గించుటకు నాకు అభ్యంతరము లేదు. మొదట ఎవరో మైకును తట్టుచు పది నిమిషములు లెక్కపెట్టిన భాగమును తీసివేసినను నేను విచారింపను. ఇంకొక మాట. చెడిన మాటలను తీసివేయవలెనన్న మిత్రుల కోరికలో మంచి ఉద్దేశమే కలదు. పిల్లలు శుద్ధమైన తెలుగు వినవలెనని. కాని ఇచ్చట పెరిగిన మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో హిందీ మాటలాడువారు. ‘అసమదీయులు, తసమదీయులు’ అను మాటలే వారికి నోరు తిరుగుట కష్టము. ఆ మాయాశశిరేఖగారి మనుమడు, పదునొకండేండ్లవాడు, మా ఇంట ఈ టేపు వినెను. తాతగారిని వాడెరుగడు, వాడు పుట్టుటకు ముందే వారు గతించిరి. మాటలు వానికి సగమే తెలిసినవి. నవ్వు వచ్చినప్పుడు వాడును నవ్వెను, ‘ఎందుకు నవ్వుచున్నారు?’ అని అడిగెను. వాని తల్లి మీసముల కథ చెప్పెను. వాడు తెలుగున అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అదియేనని ఆమె నాతో చెప్పెను. నవ్వు తీసివేసిన ప్రతిని ఇచ్చియుంటిమా, వాడు అడుగుటకేమి యుండెడిది?

నిర్ణయము కార్యవర్గముది. సభ ముగిసిన పిమ్మట, ఫలహారములకు ముందు, ఆ ఘట్టమును ఇచ్చటనే వినిపింతుము. శ్రద్ధగా వినుడు. హిందీలో అర్థము చెప్పిన స్త్రీ ఎవరో, ఆఖరున ‘వన్స్‌మోర్’ అని కేకవేసిన పెద్దమనిషి ఎవరో ఇంతవరకు తేలలేదు. గొంతు గుర్తించినవారు కార్యదర్శిగారివద్ద పేరు వ్రాయించవలెనని కోరుచున్నాను.