వృద్ధుల జ్ఞాపకశక్తి - స్వయంపరీక్ష
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

 నిన్నటినుండి ఈ పందిటిలో బాలబాలికల చదువును గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, ఉపకారవేతనములను గూర్చియు తీర్మానములు జరిగినవి. అవి యన్నియు జరుగవలసినవే. కాని ముందువరుసలను జూడగా సగముమంది తలలు నెఱసినవారే కనబడుచున్నారు. వీరి చదువును గూర్చి యొక్క తీర్మానమైనను లేదు. “మాకింక చదువేమిటి నాయనా, ఉన్నది మఱచిపోకున్న చాలును” అని భోజనశాలలో నొక పెద్దలు మాతో ననిరి. ఆ మాటయే నేటి మా యుపన్యాసమునకు విషయము.

మొదట మా యింట జరిగిన సంగతి యొకటి మనవి చేయుదుము. మా మేనత్తగారు డెబ్బదియేండ్లు దాటినవారు. మామగారు గతించిన నాటినుండి ఇంటి వ్యవహారమంతయు వారిదే. బీరువా తాళపుచెవులు వారి నడుముననే యుండెడివి. రెండేండ్ల క్రిందట వైద్యులు వారికి ఐదు మందులు వ్రాసిరి. చీటీని పూటపూటకును జూచి వేసికొనుచుండిరి. ఒకనాడు వైద్యులు చీటీని చేతితో మూసి, “అమ్మా, ఏ మందు ఎప్పుడు?” అని యడిగిరి. “అంతయు కంఠస్థమే” యని యారంభించి, మూడు సరిగా జెప్పి, తక్కిన రెంటిని తాఱుమాఱు చేసిరి. ఆ రాత్రి మేమందఱము గూడి, మేనత్తగారికి మతి తప్పుచున్నదని నిర్ణయించి, తాళపుచెవులు తీసికొంటిమి. వారు మాఱుమాట పలుకలేదు. మఱునాటినుండి పాలవాని లెక్క చెప్పుటయు మానివేసిరి. ఇందు తప్పు మాదే. ఎట్లు మాదైనదో తెలియుటకు మాకు గొంత చదువు పట్టినది.

కంటితో పలుమాఱు జూచినది మనసున నిలిచినదని తోచుట మానవులకెల్ల సహజము; ఇది ముసలితనపు జబ్బు గాదు. 2008వ సంవత్సరమున అమెరికాలో కార్పికి, రోడిగర్ అను ఇరువురు మనస్తత్వశాస్త్రజ్ఞులు తమ పరిశోధనను ప్రకటించిరి. వారు కళాశాల విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలను అర్థములతో నేర్పిరి. ఒకసారి సరిగా జెప్పిన మాటను కొందఱచేత మఱల మఱల చూడకుండ జెప్పించిరి. కొందఱను పిమ్మట నడుగుట మానిరి. వారము గడచినపిదప పరీక్షింపగా, మాటిమాటికి జెప్పినవారికి నూటికి 80 వంతులు నిలిచెను; మఱియొక తెగవారికి, మఱల మఱల చూచినను, మూడవవంతు మాత్రమే మిగిలెను. ఇంతకన్న విచిత్రమేమనగా, “వారమునకు మీకెన్ని జ్ఞప్తియందుండును?” అని ముందుగా నడిగినప్పుడు అందఱును ఇంచుమించు సగమనియే చెప్పిరి. యౌవనవంతులకే తమ చదువెంతయో తమకు దెలియనప్పుడు, చీటీ చూచుచు వచ్చిన మా మేనత్తగారిని మతిహీనురాలనుట యే న్యాయము?

నేర్చిన మఱుక్షణమున “వచ్చినదా?” యని తన్ను దా నడిగికొన్నచో “వచ్చిన”దనియే తోచును. ఏలయన ఆ మాట యింకను చెవిలో మ్రోగుచునే యుండును. కొంత కాలము గడువనిచ్చి యడిగికొన్నచో ఆ యంచనా చాలవఱకు నిజమగును. నెల్సన్, డన్‌లాస్కీ అనువారు 1991లో దీనిని నిరూపించిరి.

పెద్దలలో క్రొత్తది నేర్చు వేగము తగ్గుట నిజమే. ఎఱిగిన పేరు నాలుకచివర నిలిచిపోవుటయు నిజమే. కాని తనకు వచ్చినదేదో రానిదేదో నిదానించు శక్తి వయస్సుతో అంతగా క్షీణింపదని పరిశోధకులు పలుమాఱు కనుగొనిరి. చిక్కంతయు ఆ శక్తిని పనిలో బెట్టకపోవుటయందే యున్నది. 2003లో డన్‌లాస్కీయు ఆయన సహచరులును కొందఱు వృద్ధులకు జ్ఞాపకమార్గములను మాత్రమే నేర్పిరి. మఱికొందఱకు వానితోపాటు తమ్ము తాము పరీక్షించుకొని, రానిదానిపై నెక్కువ పాటుపడు పద్ధతిని గూడ నేర్పిరి. రెండవవారే యెక్కువ లాభము పొందిరి.

ఈ మర్మము మన తెనుగువారికి బొత్తుగా క్రొత్తది గాదు. ఎక్కములు ఒప్పజెప్పించిన బడిపంతులు దీనినే చేసెను. అష్టావధానము చూచినవారు మీలో ననేకులు గలరు. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధిగన్న దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870-1950) ఊరూర సభలుచేసి ఈ విద్యకు జనులలో గౌరవము తెచ్చిరి. అవధాని యొక పృచ్ఛకునికి పద్యపాద మొక్కటి చెప్పి, వానిని విడిచి, వేఱొకనియొద్దకు బోవును. నడుమ గంటలు లెక్కింపవలెను. అప్రస్తుతప్రసంగికి బదులు చెప్పవలెను. మఱల మొదటివాని వంతు వచ్చునప్పటికి చెవిలోని మ్రోత చల్లారియుండును. చేత కాగితము లేదు. మనసులోనుండి యీడ్చి తెచ్చుకొనవలసినదే. ఇట్లు నాలుగు వరుసలు గడచి, తుదకు ధారణ. మనము చమత్కారమునకు చప్పట్లు కొట్టుదుము గాని, మా మట్టునకు అవధానమున గొప్పపాలు ఆ యెడయెడల జరుగు పరీక్షదే యని తోచుచున్నది.

ఇక జ్ఞాపకమార్గములలో మేము చూచినంతలో పెద్దలకు సుకరమైనది యింటిదారి. గ్రీకుల కాలమునుండి వచ్చుచున్న యుపాయ మిది. ఎఱిగిన యింటిలో వరుసగా నడచుచు, గుర్తుంచుకొనవలసిన వస్తువు నొక్కొక్కచోట నుంచినట్లు భావించుట. మా మేనత్తగారు తాము పుట్టిన మండువాలోగిలిని ఎన్నుకొనిరి. అది కూలి నలువదేండ్లైనది. వారి మనసులో నొక్క పెంకైనను జాఱలేదు. పరగడుపున వేసికొనవలసిన థైరాయిడు మాత్రను తెల్లవాఱుజామున ముగ్గువేయు వీథివాకిట బెట్టిరి. రక్తపోటు మందు సావడిలోని పడకకుర్చీపై. భోజనముతో వేయు చక్కెరజబ్బు మందు వంటయింటి పీటమీద. మధ్యాహ్నపు కాల్షియము మాత్ర పెరటి నూతిపళ్లెమున. రాత్రి వేయు కొలెస్టరాలు మందు పట్టెమంచము కోళ్లయొద్ద. వారు మున్ను తాఱుమాఱు చేసినవి వాకిటిదియు నూతియొద్దిదియు. ఆ రెంటిని ఒక్కమాఱు మ్రింగినచో థైరాయిడు మందు సరిగా ఒంటికి పట్టదని, నాలుగు గంటల యెడముండవలెనని వైద్యులు చెప్పిరి. కావున ఇది వట్టి వినోదము గాదు. చీటీని పాఱవేయుమని మేము చెప్పము. చెప్పి చూచుకొనిన పిమ్మట చీటీతో సరిచూచుకొనవలెను.

అతిగా నాశపెట్టుటయు మాకిష్టము లేదు. అమెరికాలో 65 ఏండ్లు మొదలుకొని పైబడిన 2,832 మందిపై జరిగిన గొప్ప పరిశోధన ఫలితములు 2002లో వెలువడెను. జ్ఞాపకాభ్యాసము చేసినవారికి జ్ఞాపకమున మేలు కలిగెనే గాని, ఆ మేలు తక్కిన బుద్ధిశక్తులకు ప్రాకలేదు. 2014లో ప్రకటించిన పదేండ్ల ఫలితములలో ఆ మేలును నిలిచి కనబడలేదు. కాబట్టి మతి పెంచు లేహ్యములకును ఆటలకును వేలకొలది రూప్యములు పోయుటకన్న, కావలసిన విషయమునే నిత్యము ఒప్పజెప్పుకొనుట మంచిది. ఎఱిగిన దారిలో త్రోవతప్పుట, అడిగినదే పలుమాఱు అడుగుట మొదలైనవి కనబడినచో మాత్రము వైద్యునియొద్దకు బోవలసినదే. చెవుడు, మనోవ్యాకులత, బీ-12 లోపము, కొన్ని నిద్రమందులు గూడ మఱపును దెచ్చును. వీనిలో పెక్కింటికి చికిత్స గలదు.

ఈ సంఘము పెద్దలకొఱకు వారమున కొక సాయంకాలము ఒప్పజెప్పుకొను కూటమి నేర్పఱుపవలెనని మా ప్రార్థన. నేర్చునది పాటయైనను, బ్యాంకు వ్యవహారమైనను, మనుమల యూరిభాషయైనను సరియే.

మా మేనత్తగారు ఉదయము చీటీ చూచి, స్నానమైనపిదప మనుమరాలిచేతికి దానినిచ్చి, ఒక్కొక్క మందునకు ముందు “ఇది రూఢి”, “ఇది సందేహము” అని చెప్పి, ఆపైని ఒప్పజెప్పుచుండిరి. సందేహమన్నవే మఱల చదువుకొనిరి. పక్షము దినములలో సందేహములు తీరినవి. నెలకు పాలవాని లెక్క మఱల వారి నోటనే వినబడినది. అప్పుడు మేము సిగ్గుతో తాళపుచెవులు తీసికొనిపోయి యిచ్చితిమి. వారు గుత్తిని చేతబట్టి, “లెక్క చూచుకొంటివా, నాయనా?” అనిరి. చూచుకొనలేదు. ఏడుండవలెనట, ఆఱే యున్నవి. ఏడవది నాలుగు దినముల పిమ్మట మా చొక్కాజేబులో దొరికినది.